నా దగ్గర లేని పాటలను చెరిపేశాను

రెండేళ్ల క్రితం నేను దుమ్ముగూడెం దగ్గర టీచర్‌గా పనిచేసేవాణ్ని. అక్కడ ఓ కోయ అవ్వ పాడిన నలభై పాటలు రికార్డు చేశాను. వాటిని ఖమ్మంలో ఉండే స్నేహితురాలు రెహానా తన లినక్స్ కంప్యూటర్‌లో దాచింది. ఆ ఫోల్డర్‌ని ఇంటర్నెట్ ద్వారా నా ల్యాప్‌టాప్‌లో మౌంట్ చేసుకున్నాను. ఫైళ్లు ఖమ్మంలోనే ఉంటాయి, నా దగ్గరున్నట్టు కనిపిస్తాయి. ఈ విద్య గురించి స్టాఫ్‌రూమ్‌లో అందరికీ క్లాసు కూడా పీకాను.

వారం తిరక్కుండా నా ల్యాప్‌టాప్ 'చోటు లేదు' అంది. 'ఇక్కడివి ఉత్త కాపీలే, అసలువి ఖమ్మంలో ఉన్నాయి కదా' అనుకుని ఆ ఫోల్డర్‌లోని పాటలన్నీ డిలీట్ చేసేశాను. కాసేపటికే రెహానా ఫోన్ చేసింది.

"అన్నా, ఈడ పాటలన్నీ మాయమైనయ్! ఏం చేసినవ్?"

అప్పుడు వెలిగింది నాకు. నేను చెరిపింది ఖమ్మంలో ఉన్నవాటినే! ఇంకెక్కడా కాపీ లేదు.

మర్నాడు అవ్వ ముందు తల దించుకుని సంగతంతా చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"పాటలు నా నోట్ల ఉన్నయ్ గద బిడ్డా, యాడికి పోతయ్? కూసో."

మూడు రోజులు ఓపిగ్గా పాడింది. రెండు పాటలు మాత్రం ఎంత ప్రయత్నించినా ఆమెకు గుర్తురాలేదు. "కంప్యూటర్ మీకు బాగా వచ్చు సార్" అని ఎవరైనా అంటే, ఆ రెండు పాటలే గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.