మన వీధి ఆఖరు

సాయంత్రం ఐదు దాటితే పాలగిన్నె స్టవ్ మీద పెట్టుకుని, వెలిగించకుండా, చెవి వీధిలో పడేసి కూర్చునేదాన్ని. మా ఇంటి ముందు రోడ్డులో జానెడు లోతు గుంట. వచ్చే ప్రతి కారూ అందులో ధబ్‌మని పడి లేచేది. పడకుండా వచ్చేది ఒక్కటే, మా ఆయనది. గుంట ఇంకా అల్లంత దూరం ఉండగానే నెమ్మదించి, ఎడమకి ఒరిగి, పిల్లిలా వచ్చేది. చప్పుడు కాని కారు వచ్చిందంటే స్టవ్ వెలిగించేదాన్ని. ఫిబ్రవరి నుంచి సాయంత్రం పాలు పెట్టడం లేదు. పొద్దున కాచినవే చాలుతున్నాయి.

ఆయన పేరు సూర్యప్రకాశ్. అరవైతొమ్మిదిలో ఈ దేశం వచ్చాం. వంతెనలు కడదామని వచ్చిన మనిషి, న్యూజెర్సీలో పిస్కాటవే అవతల చిన్న టౌన్‌షిప్‌లో రోడ్ల ఆఫీసులో ఇంజనీరుగా కుదురుకుని, పదేళ్ళు గుంటలు పూడ్పించారు. నేను ఉసూరుమంటే, "వంతెన మీద ఎప్పుడో వెళ్తారు జానకీ, గుంటలో రోజూ పడతారు" అనేవారు.

గుంట ఎలా పడుతుందో ఆయనే చెప్పారు. మంచు కరిగి నీళ్ళు సన్నటి బీటలోకి దిగుతాయట. రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. పైన రోడ్డు ఉన్నట్టే ఉంటుంది, కింద మట్టి ఉండదు. ఏ బండో వచ్చినప్పుడు గానీ తెలియదు. చలికాలంలో చల్ల తారు ఓ పార వేసి సరిపెడతారు. అది వారం నిలవదు. వేడి తారు దొరకాలంటే ఏప్రిల్ రావాలి. అందాకా జనం తిట్లు ఆయనవి.

ఇంటి ఫోన్ నంబరు కూడా జనానికి ఇచ్చేశారు మహానుభావుడు. టైరు పోయిందని ఒకడు, నడుం పోయిందని ఒకావిడ. ఐదో క్లాసు చదువు నాది. నా ఇంగ్లీషు సగం ఆ తిట్లతోనే వచ్చింది. వీధుల పేర్లు విన్నవి విన్నట్టు తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించేదాన్ని.

ఆదివారాలు అక్కడి మా తెలుగు స్నేహితులు కృష్ణమూర్తిగారూ, ఆయన భార్య విజయశ్రీ భోజనానికి వచ్చేవాళ్ళు. కృష్ణమూర్తిగారు చెప్పులు విప్పుతూనే మొదలెట్టేవారు.

"గురువుగారూ, మీ వీధికి రావాలంటే ముందు ఇన్సూరెన్స్ చూసుకోవాలండీ."

"గుంట లేకపోతే మా ఇల్లు దాటిపోతారు మీరు. అదే మీకు గుర్తు."

"అది కాదన్నయ్యగారూ, రోడ్ల ఇంజనీరు గుమ్మంలోనే గుంటేమిటి? నవ్వరూ?" అని విజయశ్రీ.

"నవ్వనీమ్మా. ముందు మనది వేయించుకుంటే రేపు నా మాట వినేదెవరు? అందరివీ అయ్యాక మనది. మన వీధి ఆఖరు."

నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. "గుంట వంక చూడకు. ఎటు చూస్తే చక్రం అటే పోతుంది" అనేవారు. నేను చూసేదాన్ని, పడేదాన్ని.

డెబ్బైతొమ్మిది ఫిబ్రవరిలో, రివర్ రోడ్డు మలుపులో గుంట పడిందని స్కూల్ బస్సు తోలే డోరతి మూడు రోజులు వరసగా ఫోన్ చేసింది. నాలుగో రోజు ఆయన సాల్‌ని వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళారు. సాల్ అంటే వాళ్ళ ఫోర్‌మన్, ఇటాలియన్ మనిషి. మా ఆయన కర్ర పెట్టి లోతు చూస్తూ చూస్తూ రోడ్డు మీదే కూర్చుండిపోయారట. మళ్ళీ లేవలేదు. గుండె.

ఆ సాయంత్రం ఐదున్నరకి చప్పుడు లేకుండా కారు వచ్చింది. నేను స్టవ్ వెలిగించాను. తలుపు తీస్తే ఆయన కారులోంచి సాల్ దిగాడు. మా ఇంటి ముందు గుంటలో ఎన్నిసార్లు చల్ల తారు వేశాడో, దాన్ని తప్పించి రావడం వాడికీ తెలుసు. వాడేం చెప్పాడో నాకు ముందు అర్థం కాలేదు. వెనక పాలు పొంగిపోతున్నాయి.

ఆ కారు వీధి వారన, సాల్ ఆపిన చోటే ఉండిపోయింది. గుంట ఒక అంచు దాని కిందికి పోయింది. నేను ముట్టుకోలేదు.

ముట్టుకోకుండా కళ్ళ ముందే ఉందా, అయినా సాయంత్రాలు ఐదున్నరకి ఒక కారు వచ్చేది. చప్పుడు లేకుండా. నెమ్మదించి, ఎడమకి జరిగి. నా చెయ్యి స్టవ్ మీదికి పోయేది. కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి మసక వీధి, బండి వెనక ఎర్రదీపాలు మలుపు తిరుగుతూ. ఎవరితో చెప్పను? పది రోజులు అలా అయ్యాక, ఓ సాయంత్రం ముందే వాకిట్లో నిలబడ్డాను. వచ్చింది సాల్ పికప్ బండి.

అద్దం దించి, తప్పు చేసినవాడిలా, "లైటు వేసుకున్నారో లేదో చూసి పోతున్నా, మిసెస్ ప్రకాశ్" అన్నాడు.

తెలిసింది కదా. అయినా మర్నాడూ చెయ్యి స్టవ్ మీదికే పోయింది.

ఏప్రిల్‌లో సాల్ తలుపు కొట్టాడు.

"వేడి తారు మొదలైంది. రేపు మొదటి ట్రక్ మీ వీధికే. మా వాళ్ళమందరం అనుకున్నాం, ఆయన పేరు మీద. ఏడింటికల్లా ఈ కారు తీయండి."

"రివర్ రోడ్డు అయిందా?"

టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "లేదు."

"ఎందుకని?"

"రెండుసార్లు వెళ్ళాం. ఎవరూ పార ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన కూర్చున్న చోటు కదా, అక్కడ వేడి తారు ఎలా పోస్తాం?"

"మరి డోరతి?"

"గుంట తప్పించడానికి, ఎదురు బళ్ళు వచ్చే లేన్‌లోకి దిగి పోతోంది."

మలుపులో. బస్సు నిండా పిల్లలతో. నోటిదాకా వచ్చింది గానీ, అంత ఇంగ్లీషు నా దగ్గర లేదు. ఓకే అన్నాను.

విజయశ్రీకి ఎలా తెలిసిందో, ఫోన్ చేసింది. "పోనీలెండి వదినా. అన్నయ్యగారు ఒప్పుకునేవారు కాదనుకోండి, కానీ తిరగాల్సింది మనమే కదా. కారు తీయడానికి మా ఆయన్ని పంపనా?"

"వద్దు. నేనే తీస్తాను."

తీద్దామనే అనుకున్నాను. అబద్ధం ఎందుకు, ఇంకో భయం కూడా ఉంది నాకు. ఆ గుంట పూడితే ఏ కారూ చప్పుడు చెయ్యదు. వచ్చే ప్రతి కారూ ఆయనదే అవుతుంది. రోజుకి ఎన్నిసార్లు లేవను? మన వీధి ఆఖరన్న ఆయన మాట కోసం ఆగానో, నా చెవుల కోసం ఆగానో, ఇప్పటికీ తేల్చుకోలేను. డోరతి బస్సు మాత్రం కళ్ళ ముందు కదలడం మానలేదు.

తెల్లారి ఏడింటికి పొగలు కక్కుతూ ట్రక్ వచ్చింది. ఇంట్లోకంతా తారు వాసన. హారన్ కొట్టారు. తర్వాత సాల్ తలుపు కొట్టాడు.

"తారు చల్లారిపోతుంది, మిసెస్ ప్రకాశ్. తీయలేకపోతే తాళాలివ్వండి, నేను తీస్తా."

"నో. ఫస్ట్ రివర్ రోడ్."

"నా వల్ల కాదన్నాను కదా అక్కడ."

"నాకు తెలుసు సాల్. బస్‌లో పిల్లలు."

వాడు నా మొహం చూశాడు, కారు చూశాడు. వెళ్ళి ట్రక్ ఎక్కాడు. ఎక్కాడే గానీ కదల్లేదు. ఇంజన్ ఆడుతూనే ఉంది, తారు పొగ పల్చబడుతూనే ఉంది.

నేను తలుపు వేసి, తాళాలు గుప్పిట్లో పట్టుకుని లోపల మెట్టు మీద కూర్చున్నాను. కారు తీయలేదు.