మామయ్య చేసిన బల్ల మీద సముద్రం

"నాయిన లేడు" అని మా ఆయన ఫోన్లో చెప్పినప్పుడు నేను కాలేజీ ల్యాబులో ఉన్నాను.

"ఎటు పోయిండ్రు?" అని అడిగాను.

మామయ్య ఇంట్లో లేకపోవడం మాకు కొత్త కాదు. రిటైరయ్యాక ఆయన కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అవతల మా ఆయన వెక్కడం వినబడింది. అప్పుడు అర్థమైంది నాకు.

ఆ ముందురోజే నందికొండకు వెళ్ళారు, పాత దోస్తు మనవరాలి పుట్టినరోజుకు. ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, "జర నడుము వాలుస్త" అని మంచం మీద ఒరిగారట. మళ్ళీ లేవలేదు. "దవాఖాన మొహం చూడకుండ పోయిండు, మొండోడు" అని ఆ దోస్తు ఏడుస్తూనే మెచ్చుకున్నాడు. ఇంటికి వచ్చిన వాళ్ళందరూ ఏడ్చారు, మధ్యమధ్యలో నవ్వారు కూడా. ఆయన గురించి మాట్లాడుతూ నవ్వకుండా ఉండడం కష్టం. రాస్తున్నప్పుడూ నాకు అదే అవుతోంది.

నేతపని చేసే ఇంట్లో పుట్టి, ఆ ఇంటి నుంచి మొదటిసారి సర్కారు కొలువుకు వెళ్ళిన మనిషి ఆయన. ముప్పై ఏళ్ళు నందికొండ డ్యాం గేట్ల దగ్గర మెకానిక్. తెలంగాణ వచ్చిన మరుసటేడు రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, అత్తమ్మతో కలిసి నల్లగొండలో మా దగ్గరికి వచ్చేశారు. మొదటి మూడేళ్ళు ఆయన నాతో నేరుగా మాట్లాడింది చాలా తక్కువ. కోపం కాదు, మర్యాద. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "కోడలు తిన్నదా అడుగు" అని అత్తమ్మకు చెప్పేవారు. అత్తమ్మ నా వైపు తిరిగి "తిన్నవా" అనేది. "తిన్న" అని నేను అత్తమ్మకు చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవారు.

ఆ పద్ధతి మారింది నా పిచ్చి కోరిక వల్ల.

నేను జువాలజీ చెప్తాను. పన్నెండేళ్ళుగా పగడపు జీవిని బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తున్నాను తప్ప, ప్రాణమున్నదాన్ని పిల్లలకు ఒక్కసారీ చూపించలేదు. సముద్రం మాకు ఎక్కడో దూరం. ఇంట్లోనే ఒక ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని, అందులో పగడాలు పెంచాలని అనుకున్నాను. ఒకరోజు అందరం అన్నం తింటున్నప్పుడు ఆ మాట బయటపెట్టాను.

మామయ్య ముద్ద కలపడం ఆపేశారు. అత్తమ్మ వైపు తిరిగి, "మంచినీళ్ళల్ల ఉప్పు కలుపుతదటనా?" అన్నారు.

అత్తమ్మ నా వైపు చూసింది.

"గీ జిల్లాల మంచినీళ్ళ కోసం మనుషులు ఎంత గోస పడ్డరో ఆమెకు తెల్వదా? ఎముకలు వంకర్లు పోయినయి మందికి. నేను ముప్పై ఏండ్లు కాపలా ఉన్నది తియ్యటి నీళ్ళకు. ఆమె వాటిని ఉప్పుజేస్తదట. అడుగు."

నేను అత్తమ్మ అడిగేదాకా ఆగలేదు. "తెలుసు మామయ్యా. మా అమ్మమ్మ నడుము వంగింది ఆ ఫ్లోరైడు బోరు నీళ్ళతోనే. నేను తాగే నీళ్ళు ముట్టుకోను. వానకాలం మిద్దె మీద పడే నీళ్ళు పట్టుకుంట, వడగట్టుకుంట. అవి ఎట్లాగూ మోరీలకే పోతున్నయి కద."

ఆయన గబగబా తిని లేచారు. అయిపోయింది, ఇంట్లో పెద్ద రభస అవుతుందనుకున్నాను. పొద్దున్నే చూస్తే మిద్దె మీద టేపు పట్టుకుని వాన నీళ్ళు దిగే పైపు కొలుస్తున్నారు. నన్ను చూసి, అత్తమ్మ దగ్గర లేకపోయేసరికి, కాస్త ఇబ్బందిగానే నేరుగా అడిగారు.

"ఎన్ని లీటర్లు?"

"నాలుగు వందల దాకా మామయ్యా."

"అంటే రాయి, ఇసుక, అద్దం కలిపితే ఐదు వందల కిలోలు దాటుతది. దేని మీద పెడతవ్?"

దుకాణంలో ఇనుప స్టాండు అమ్ముతారని, కానీ ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుందని చెప్పాను. ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "కర్రతోనే చేద్దాం. దుకాణపోడు నీళ్ళ బరువు ఎన్నడు మోసిండు? నేను చేస్త."

పాత ఇళ్ళు కూలగొట్టిన కర్ర అమ్మేచోట టేకు దూలాలు ఎంచి తెచ్చారు. ఒక్కొక్కదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నారు. ఆ అమ్మేవాడు "పెద్దాయనా, పుచ్చకాయలు కొంటున్నవా" అని అడిగాడు. ఇంటి ముందు జాగాలో రంపం, చిత్రిక, ఉలి పరిచారు. నేను కాలేజీ నుంచి వచ్చి చీర కొంగు దోపుకుని దూలం రెండో కొస పట్టుకునేదాన్ని. మొదటి వారం మా మధ్య నడిచినవి రెండే మాటలు. "పట్టుకో." "ఇడిసిపెట్టు." రెండో వారానికి వరదలు వచ్చిన ఏడాది గేట్లు ఎత్తిన సంగతులు మొదలయ్యాయి. మూడో వారానికి నేను ఆయన్ని ఎదురు ప్రశ్నలు అడుగుతున్నాను, ఆయన నన్ను "బిడ్డా" అంటున్నారు.

స్టాండు నిలబడింది. నడుము ఎత్తు, నాలుగడుగుల పొడవు, ఆరు కాళ్ళు. నేను రంగు వేద్దామన్నాను. "ముందు బరువు" అన్నారాయన.

ఆ ఆదివారం మా వీధి మరిచిపోలేదు. తెలిసిన రైతు దగ్గర ఆరు వడ్ల బస్తాలు తెచ్చి, హాల్లోకి మోసిన స్టాండు మీద పేర్చారు. అవి చాలలేదని లెక్క తేల్చి, అత్తమ్మను, పక్కింటి టైలరక్కను, ఎదురింటి పాలామెను, ఆమె చెల్లెల్ని పిలిచారు. నలుగురూ స్టూలు వేసుకుని ఒకరినొకరు పట్టుకుంటూ బస్తాల మీదికెక్కి కూర్చున్నారు. తల పైకెత్తితే ఫ్యాను తగులుతుందేమోనని ఫ్యాను ఆపేశాం. నేను కింది నుంచి చాయ్ అందించాను. మామయ్య నేల మీద బోర్లా పడుకుని ఒక్కో కాలు దగ్గరా చెవి పెట్టి వింటున్నారు.

అరగంట అయ్యాక అత్తమ్మకు ఓపిక పోయింది. "ఇంకెంత సేపు కూసోవాలె?"

"నీళ్ళు మధ్యలో దిగుతయా? అవి ఏండ్లకేండ్లు కూసుంటయి. మీరు గంట కూసోలేరా?"

"నీళ్ళకు నడుము నొప్పి ఉండదయ్యా" అంది టైలరక్క.

గంట నిండాకనే దింపారు. కర్ర ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గు. అది చెప్పకపోతే ఈ మనిషి గురించి చెప్పినట్టే కాదు.

తొట్టిని పెట్టాల్సిన మూలలో నేల కాస్త వాలుగా ఉంది. స్టాండు పెట్టి చూస్తే ఒక కాలు కింద సందు కనబడింది. మామయ్య కాళ్ళన్నీ మళ్ళీ చిత్రిక పట్టాలన్నారు. అంటే ఇంకో వారం. హైదరాబాదులో నేను మాట్లాడుకున్న పగడాలు నాలుగు రోజుల్లో తెచ్చుకోవాలి, లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. ఆయన బజారుకు వెళ్ళిన సమయంలో నేను ఒక పెళ్ళికార్డు మడతపెట్టి ఆ కాలు కిందికి తోశాను. ఆయన వచ్చాక, "మళ్ళ చూడండి మామయ్యా, స్టాండు జరిపితే సరిపోయింది" అన్నాను. ఆయన రసమట్టం పెట్టి చూశారు. బుడగ నడిమధ్యలో నిలిచింది. "మంచిది" అన్నారు.

ఆ రోజే మా ఆయన, ఇంకో ఇద్దరు కలిసి తొట్టి ఎత్తి పెట్టారు. పరీక్షకని మామూలు నీళ్ళతో నింపాం. నీటి అంచు వెంబడి మామయ్య అద్దం మీద చుట్టూ గీత గీశారు.

మరుసటి పొద్దున నేను లేచేసరికి ఆయన తొట్టి ముందు కూర్చుని ఉన్నారు. ఒకవైపు నీళ్ళు గీత దాటాయి, ఇంకోవైపు గీతకు కింద ఉన్నాయి. ఆయన వంగి ఆ కాలు కింద వేలు పెట్టారు. బరువుకు అణిగి, తడికి మెత్తబడిన పెళ్ళికార్డు ముక్క బయటికొచ్చింది. ఇంకా దాని మీద పసుపు కూడా పోలేదు.

"ఇది ఎవరు పెట్టిండ్రు బిడ్డా?"

"నేను చూడలేదు మామయ్యా" అన్నాను. అంత చదువుకుని, పిల్లలకు పాఠాలు చెప్తూ, ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో.

ఆయన ఆ ముక్కను నేల మీద పెట్టి, నా మొహం చూడకుండా తొట్టినే చూస్తూ అన్నారు. "నాతో అబద్ధమాడితే ఏం కాదు. నేను మనిషిని, సర్దుకుంట. నీళ్ళతో ఆడకు. అవి సర్దుకోవు."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా ఆయనతో చెప్పలేదు, అత్తమ్మతో చెప్పలేదు. లేచి బకెట్లు తెచ్చారు. నాలుగు వందల లీటర్లూ మేమిద్దరమే మోసి చెట్లకు పోశాం. సగంలో నాకు ఏడుపొచ్చింది. "నేనే పెట్టిన మామయ్యా" అన్నాను. "తెలుసు. ఆ బకెటు నిండింది, పట్టు" అన్నారు.

కాళ్ళు సరిచేయడానికి వారం పట్టింది. హైదరాబాదులో ఆ పగడాలు వేరేవాళ్ళకు పోయాయి. రెండు నెలలాగి ఇంకోచోటి నుంచి పగడాలు, కొన్ని చేపలు తెచ్చుకున్నాను. ఆ పగడాలే ఈరోజుకీ బతికి ఉన్నాయి.

ఆయన కూడా ఒకసారి తప్పు చేశారు. అది ఆయనకు గొప్పగా చెప్పుకునే సంగతి కాబట్టి నేనూ చెప్పొచ్చు. ఉప్పు తేమకు ఇనుము ఆగదని నేను ముందే అన్నా, స్టాండు కీళ్ళకు ఇనుప బోల్టులే బిగించారు. "నా బోల్టులు డ్యాం కాడ ముప్పై ఏండ్లు ఆగినయి" అన్నారు. ఎనిమిది నెలలకు ఒకరోజు, "బిడ్డా, ఇటు రా" అని పిలిచారు. రెండు వేళ్ళతో నలిపితే ఒక బోల్టు తల జొన్నరొట్టె ముక్కలాగా చిదిగిపోయింది.

"నువ్వు చెప్పినవు. నేను వినలే" అన్నారు. "మా బాపు నేసిన మగ్గానికి ఒక్క మేకు లేకుండె. అన్నీ కర్ర సీలలే. గది నాకు యాదికి రాలే చూడు" అని తలకొట్టుకున్నారు. తొట్టిలో సగం నీళ్ళు డ్రమ్ముల్లోకి తోడి, చేపల్ని కదిలించకుండా, ఒక్కో బోల్టు తీసి ఆ తొర్రలో టేకు సీల కొట్టుకుంటూ రెండు రోజులు కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు చేపల్ని చూపించేవారు, తర్వాత కిటికీలో పెట్టిన తుప్పు బోల్టు తీసి, "ఇది నా తెలివి" అని చూపించేవారు.

ఎంతమంది వచ్చేవారో. నా విద్యార్థులు, వీధి పిల్లలు, ఒకసారి భువనగిరి నుంచి పెళ్ళిచూపులకని పక్కింటికి వచ్చిన వాళ్ళందరూ. పగడాలు రాళ్ళు కావని, ప్రాణులని ఆయన నాకంటే బాగా చెప్పేవారు. "అవి మనలెక్కనే. ఒక్కసారి ఇల్లు కట్టుకుంటే కదలయి" అనేవారు. తొట్టిలో ఆవిరయ్యేది మంచినీరే తప్ప ఉప్పు కాదని, కాబట్టి రోజూ పోయాల్సింది వాననీళ్ళేనని తెలిసిన రోజు ఆయన సంతోషం చూడాలి. "అంటే ఉప్పునీళ్ళకు గూడ నా తియ్యటి నీళ్ళే దిక్కన్నమాట" అని ఇల్లంతా తిరిగి చెప్పారు. అప్పటి నుంచి పొద్దున పళ్ళు తోముకున్నాక మొదటి పని, గీత దాకా నీళ్ళు పోయడం.

ఆయన పోయిన రోజు ఇంటినిండా చుట్టాలు. నాకు తొట్టి యాదికే లేదు. సాయంత్రం చూస్తే అత్తమ్మ చెంబు పట్టుకుని స్టూలు మీద నిలబడి ఉంది. నన్ను చూసి, "నీళ్ళు గీత కిందికి దిగినయి" అంది. చెంబులో నీళ్ళు మెల్లగా పోస్తూనే ఉంది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా కనబడేది ఒక ఆదివారం పొద్దు. అప్పటికి తొట్టిలోకి ఒక చిన్న రొయ్య వచ్చింది. ఎర్రటి వీపు, దాని మీద తెల్లటి చార. సముద్రంలో అది పెద్ద చేపల ఒంటి మీదికెక్కి మురికి ఏరి తింటుంది. మామయ్య ఏదో రాయి సర్దడానికి చెయ్యి లోపల పెట్టారు. ముప్పై ఏళ్ళ గ్రీజు గోళ్ళ సందుల్లో నల్లగా ఉండిపోయిన చెయ్యి. రొయ్య మెల్లగా వచ్చి ఆ వేళ్ళ మీదికెక్కింది. ఒక్కో గోరు దగ్గరా ఆగి, సన్నటి కాళ్ళతో గీకి శుభ్రం చేయసాగింది.

వంటింట్లోంచి అత్తమ్మ చాయ్‌కి పిలిచింది. రెండోసారి పిలిచింది. నేను వచ్చి చూస్తే, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, తొట్టి దీపం నీలం వెలుగులో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. తల కూడా తిప్పకుండా, పెదాలు మాత్రమే కదిపి నాతో అన్నారు.

"జర ఆగు బిడ్డా. పని చేస్తాంది."