కుదురు లేని చెవి

ఆమె కూర్చున్న కుర్చీ ఎప్పుడూ వేడెక్కేది కాదు. భోజనం మధ్యలో లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చేది. ఉత్తరం చదువుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిచేది. నిద్రలో కూడా పిన్ని కుడికాలు ఆడుతూనే ఉంటుందని పక్కన పడుకునే అక్క కూతురి ఫిర్యాదు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. తిట్టే నోరు అక్కది, తిరిగే కాలు ఈమెది. రెండూ ఒకే మూడు గదుల ఇంట్లో ఉండేవి.

చదువులూ అలాగే చదివింది. మొదట సంగీత పాఠశాల, రెండేళ్ళు. రెండో ఏట ఒకే స్వరాన్ని ఆరు నెలల పాటు నిలబెట్టమన్నారు. నిలబెట్టింది. ఏడో నెలలో ఆ స్వరమే తనని వీధిలోకి తోసేసిందని చెప్పుకుంది. తరవాత మట్టి చదువు. తడి మట్టిని వేళ్ళ మధ్య దారంలా పేని, అది ఎక్కడ తెగుతుందో చూసి ఆ నేల గుణం చెప్పడం ఆమెకి ఇట్టే పట్టుబడింది. పొలాల వెంట తిప్పినన్నాళ్ళూ బాగానే ఉంది. ప్రయోగశాలలో ఎత్తు స్టూలు మీద కూర్చోమన్న ఏడాది మానేసింది. ఆ పైన నర్సు శిక్షణ. వార్డులో ఆమె అడుగుల చప్పుడు వింటే రోగులకి ధైర్యంగా ఉండేదట. రికార్డుల గదిలో కుర్చీ చూపించిన రోజున సంచీ సర్దుకుంది.

పట్టా ఒక్కటీ లేదు. హాల్ టికెట్లు, సగం సగం మార్కుల జాబితాలు ఒక పాత దిండు గలీబులో వేసి, నోటికి ముడి వేసి బీరువా మీద పడేసింది అక్క. బావ ఆమెకి 'అర్ధాంతరం' అని పేరు పెట్టాడు. "అర్ధాంతరం వచ్చిందా? వడ్డించండి. మధ్యలో లేస్తే ఆ కంచం నాకు తోసెయ్యండి" అనేవాడు. ఆమె కూడా నవ్వేది, నవ్వుతూనే లేచేది.

ముప్పై ఒకటో ఏట నీటి సరఫరా ఆఫీసులో ఆరు నెలల తాత్కాలిక పనికి కుదిరింది. భూమి కింద పైపు ఎక్కడ కారుతోందో పైనుంచి విని చెప్పే పని. ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ ఒకటి, దాని తలకి చెక్కతో చేసిన చిన్న గిన్నె. కడ్డీ మొనని వాల్వు మీద ఆనించి, గిన్నెని చెవికి ఆనించి వినాలి. ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకి, ఒక వీధి నుంచి ఇంకో వీధికి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడక. ఆమె కాళ్ళకి జీతమిచ్చినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

పని నేర్పినవాడు చెవి మేస్త్రీ. నాలుగో తరగతితో బడి మానేసి, ముప్పై ఐదేళ్ళుగా ఈ ఊరి నీళ్ళని వింటున్నాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. నెల్లాళ్ళలో ఆయన రిటైరు అవుతాడు. ఇంజినీరు ఒక్క మాట రాస్తే ఆ ఉద్యోగం ఆమెకి ఖాయం. ఎక్కడైనా ఉండిపోవాలని అనిపించడం ఆమెకి కొత్త. ఆ కోరిక కొత్త చెప్పులా నడిచినంత సేపూ కరుస్తూనే ఉండేది.

చేరిన రెండో వారంలోనే ఒక సంగతి కనిపెట్టింది. మేస్త్రీ గిన్నెని చెవి రంధ్రానికి ఆనించడం లేదు, చెవి వెనక ఎముకకి ఆనిస్తున్నాడు. సంగీత పాఠశాలలో గురువుగారు శ్రుతిదండాన్ని, కొడితే ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల ఇనప చువ్వని, మోకాలి మీద కొట్టి బల్ల మీద నిలబెట్టేవారు, బల్లంతా పలికేది. నర్సు శిక్షణలో అదే దండాన్ని రోగి చెవి వెనక నిలబెట్టారు, చెవి పోయినవాడికి ఎముక ఎంత వింటుందో చూడడానికి. అదే ఇనప ముక్కని రెండు బడుల్లో చూసింది కనక ఆమెకి వెంటనే అర్థమైంది. ఊరంతా చెవి మేస్త్రీ అని పిలిచే మనిషికి చెవులు పోతున్నాయి.

ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయనకి ఎదురుగా తిరిగి, పెదవులు కనపడేలా మాట్లాడింది. ఆయన గమనించాడు.

అప్పుడు వచ్చింది కుట్టుమిషన్ల వీధి ఫిర్యాదు. వాలుగా దిగే ఇరుకు వీధి, రెండు వైపులా కలిపి నలభై దర్జీ దుకాణాలు. మూడు వారాలుగా కింది సగం ఇళ్ళకి నీళ్ళు రావడం లేదు. వీధి చివర మూలింటి గోడ చెమటలు కక్కుతోంది. రోడ్డు మీద మాత్రం చుక్క తడి లేదు.

ఆమె రెండు రోజులు విన్నది. వీధి ఎగువన ఉన్న వాల్వు దగ్గర కడ్డీలోంచి సన్నని, తీయని స్వరం ఒకటి పైకి వచ్చింది. ఎవరో నేల కింద శ్వాస తీసుకోకుండా పాడుతున్నట్టు. రెండేళ్ళ సంగీతం ఒక్కసారిగా ఒళ్ళంతా పాకింది. ఇదే అంది. మేస్త్రీ కూడా గిన్నె ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, తల ఊపాడు. ఆమె సుద్దతో గీసిన గుర్తు మీద తవ్వారు. మనిషి నడుము లోతు దాకా వెళ్ళారు. అడుగున పైపు ఎండలో ఆరేసిన ఎముకలా పొడిగా ఉంది.

ఇంజినీరు చెడ్డవాడు కాదు, కేకలు వెయ్యలేదు. "అమ్మా, మీరు చెప్పిన చోటే తవ్వాం. చీమ కాలు కూడా తడవలేదు" అన్నాడు. గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్ళీ అన్నాడు. "గురువారం లోపల ఇంకొక్క గొయ్యి. అదీ ఇలాగే ఉంటే వీధి మొత్తం మిషన్‌తో తవ్వించడం తప్పదు. అప్పుడు వినడానికి మనిషి ఎందుకని పైవాళ్ళు అడుగుతారు. నా దగ్గర జవాబుండదు."

వీధి మొత్తం తవ్వితే నలభై దుకాణాలు నెల రోజులు మూతపడాలి. గడపల్లో నిలబడ్డ దర్జీలు ఆమెని చూసి, కూలీల చేతుల్లో పారల్ని చూసి, లోపలికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆఫీసుకి తిరిగి వెళ్ళేటప్పుడు చెవి మేస్త్రీ నోరు విప్పాడు. అక్కడ ఏం వినపడిందో చెప్పమన్నాడు. ఆమె నడుస్తూనే ఆ స్వరాన్ని గొంతులో పలికి, ఆయన పట్టుకునేలా చేతిని గాలిలో సన్నగా సాగదీసింది. ఆయన ఆగిపోయాడు.

"తీయగా పాడేది లీకు కాదు తల్లీ. సగం మూసిన వాల్వు అది. లీకు ఏడుస్తుంది, అదీ నోట్లో గుడ్డ కుక్కుకుని" అన్నాడు.

"మరి నువ్వు తల ఊపావుగా బాబాయ్?"

"నాకు వినపడలేదు." ఆయన చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. "సన్న చప్పుళ్ళు ఎముకక్కూడా అందడం మానేశాయి. నీకు వినపడింది కదా అని ఊపాను."

సంగీతం రానివాడెవడూ ఆ తప్పు చెయ్యడు. పూర్తిగా వచ్చినవాడు ఆ తప్పుని చెవితోనే పట్టుకోగలడు. ఆమె ఇద్దరికీ మధ్య నిలబడింది, రెంటికీ చెడ్డ రేవడిలా.

ఇంటికి వెళ్ళేటప్పటికి సంచీలో ఒక కొత్త దరఖాస్తు ఉంది. దారిలో ఎక్కడ ఆగిందో, ఎప్పుడు తీసుకుందో ఆమెకే సరిగ్గా తెలియదు. కళ్ళద్దాల కొలతల కోర్సు, సాయంత్రం తరగతులు, ఏడాది. గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే అక్క బట్టలు మడత పెడుతూ చూసింది. ఆ నడక అక్కకి తెలుసు. మూడుసార్లు చూసింది.

"ఈసారి ఏ కోర్సు?" అని అడిగింది.

"కళ్ళద్దాలు."

"చెవి దగ్గర్నుంచి కంటికి వచ్చావన్నమాట" అన్నాడు బావ పేపరు దించకుండా. "ముక్కు దాకా రావడానికి ఇంకెన్నాళ్ళు?"

అక్క నవ్వలేదు. మడత పెట్టిన చొక్కాని మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. "పని పోతే పోనీ. కానీ ఈసారి వాళ్ళు పొమ్మనే దాకా ఉండవే. నువ్వే ముందు లేచి రాకు" అంది.

తిట్టే నోటి నుంచి అంత మెత్తని మాట వచ్చేసరికి ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ తరవాత కూడా నడిచిందిలెండి, కానీ గదిలోపలే నడిచింది.

బుధవారం పొద్దున్నే వెళ్ళి ముందు ఆ పాడే వాల్వుని పూర్తిగా తెరిచింది. పాట ఆగిపోయింది. నేల కింద ఒక్కసారిగా చీకటి పడ్డట్టయింది, పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నర్సు శిక్షణలో ఒక పెద్ద నర్సు ఉండేది. నొప్పి ఎక్కడుందో రోగి చెప్తాడు, జబ్బు ఎక్కడుందో చెప్పడు, కాబట్టి నొప్పి లేని చోట చెయ్యి వేసి అక్కణ్ణించి జరుపుకుంటూ రండి అనేది. ఆమె కడ్డీని గోడకి చేరవేసి, ఎగువ నుంచి ఇంటింటి తలుపూ తట్టింది. నీళ్ళు ఎక్కడ రావడం లేదని అడగలేదు. మీకు బాగా వస్తున్నాయా అని అడిగింది. బాగా వస్తున్నవాళ్ళని ఈ మూడు వారాల్లో ఎవరూ పలకరించలేదు. ఒకామె కుళాయి తిప్పి మరీ చూపించింది. గుండీల దుకాణం దాకా ధార బాగుంది. దాని కింద ఒంటి మిషన్ దర్జీ ఇంటి నుంచి, దారమంత.

గుండీల దుకాణానికి కాస్త ఎగువన, మొన్న తవ్విన పొడి గోతిలోకి దిగింది. ఎగువ వైపు గోడ నుంచి చిటికెడు మట్టి తీసి పేనింది. పొడిపొడిగా రాలిపోయింది. దిగువ వైపు గోడ నుంచి తీసింది. అది దారమైంది, దారం వేలి చుట్టూ ఉంగరమైంది, తెగలేదు. కంటికి ఆనని తడి ఆ జిగట మట్టిలో దాక్కుంది. పైపు కింద పరిచిన ఇసుక పట్టుకుని నీళ్ళు వాలులో జారిపోతున్నాయి, అందుకే ఎక్కడో దూరంగా మూలింటి గోడ చెమరుస్తోంది. జబ్బు ఒకచోట, నొప్పి ఒకచోట. తల ఎత్తి చూస్తే గొయ్యి అంచున మేస్త్రీ చెప్పులు కనిపించాయి.

గుండీల దుకాణానికీ దర్జీ ఇంటికీ మధ్య ఇరవై అడుగులు. ఒక్క గొయ్యి అందులో పావు వంతు కూడా ఉండదు. ఇక మిగిలింది వినడమే. కానీ నలభై మిషన్ల చప్పుడు చెవిలో జోరీగలా ఉంది. ఆమె వీధి మధ్యలో నిలబడి, కాసేపు అందరూ మిషన్ మీంచి కాళ్ళు తీయమని బతిమాలింది. ఎవరూ కదల్లేదు. చివరికి ఒంటి మిషన్ దర్జీ, దారమంత ధారతో బతుకుతున్న ముసలాయన, కాలు తీసి నేల మీద పెట్టాడు. "మొన్న తప్పు చెప్పింది. ఇవాళ అడుగుతోంది. ఆపండ్రా" అన్నాడు. ఒక్కొక్క మిషనే ఆగింది.

రోడ్డు మీదే కడ్డీ ఆనించింది. గడగడమని చప్పుడు. రెండడుగులు జరిగింది, అదే గడగడ. దిగువకి జరిగింది, అక్కడా అదే. వీధంతా ఊపిరి బిగబట్టి ఉంది, కడ్డీ మాత్రం ఎక్కడ పెట్టినా ఒకటే చెప్తోంది. సంచీలో దరఖాస్తు మడత నడుముకి గుచ్చుకుంటోంది. ఇప్పుడు ఈ కడ్డీని గోడకి ఆనించి సందు మలుపు తిరిగిపోతే, ఎవరూ పరిగెత్తుకు రారు.

చెవి మేస్త్రీ దగ్గరికి వచ్చి ఆమె కుడిపాదం మీద తన పాదం వేసి గట్టిగా నొక్కాడు.

"నువ్వు వింటున్నది నీ కాలునే" అన్నాడు.

నిజమే. మోకాలి వణుకు కడ్డీలోకి ఎక్కి ఆమె చెవికే తిరిగి వస్తోంది. చెప్పులు విడిచి, రెండు మోకాళ్ళూ రోడ్డు మీద ఆనించి కూర్చుంది. ఆయన మళ్ళీ పాదం వేసి నొక్కి ఉంచాడు. ఎంతసేపో తెలియదు. ముందు తన రక్తం వినపడింది, తరవాత అది కూడా వెనక్కి తగ్గింది. అప్పుడు చాలా కింద, ముతకగా, శ్రుతి లేకుండా, దుప్పటి ముసుగు లోపల ఎవరో వెక్కుతున్నట్టు ఒక చప్పుడు. అందులో పాడుకోవడానికి ఏమీ లేదు. ఆమె జరిగింది, మళ్ళీ కూర్చుంది. ముసలి దర్జీ గడప ముందు అది అన్నిటికంటే దగ్గరగా ఉంది. కడ్డీ మేస్త్రీకి ఇచ్చింది. ఆయన గిన్నెని ఎముకకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ముతక చప్పుళ్ళు ఆయన ఎముకకి ఇంకా అందుతాయి.

"ఈసారి వినకుండా ఊపడం లేదు" అని తల ఊపాడు.

మధ్యాహ్నం తవ్వారు. మోకాలి లోతున మట్టి రంగు మారింది. నడుము లోతున గునపం దిగి, పైకి రాలేదు. లాగితే బురద నోరు తెరిచినట్టు చప్పుడై, నీళ్ళు కూలీల కాళ్ళని ముంచేశాయి. ఇంజినీరు బూట్లు తడుపుకుంటూ అంచున నిలబడి, సోమవారం వచ్చి ఉద్యోగం ఖాయం చేసే ఫారం మీద సంతకం పెట్టమన్నాడు. ఫారంలో చదువు గడి ఒక్క వరసే ఉంటుందనీ, ఏదో ఒకటి రాయమనీ అన్నాడు. అది ఆలోచించడానికి ఆమె ఆ గొయ్యి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. వీధి పొడుగునా మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

చెవి మేస్త్రీ ఆఖరి రోజున కడ్డీని ఆమె చేతికిస్తూ, సంచీ అంచున కనిపిస్తున్న కాగితం ఏమిటని అడిగాడు. ఆమె ఆయనకి ఎదురుగా తిరిగి చెప్పింది.

"కళ్ళద్దాల కోర్సు, బాబాయ్. పారేద్దామనుకుంటూనే ఉన్నాను."

"సాయంత్రం తరగతులేనా?"

"ఊఁ."

"అయితే చేరు. మధ్యలో మానేసినా సరే. నా చెవి పోయింది, నీదీ ఏదో ఒకనాడు పోతుంది. అప్పటికి కన్ను పనికొస్తుంది."

ఆమె నవ్వింది. దరఖాస్తు పారెయ్యలేదు, ఇవ్వనూ లేదు. దాని గడువు ఇంకా రెండు రోజులుంది. కడ్డీ భుజాన వేసుకుని పక్క వీధి వాల్వు దగ్గరికి నడిచింది, మామూలు కంటే వేగంగానే. అక్కడ చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, గిన్నెని చెవికి ఆనించుకుంది. కుడికాలు కాసేపు ఆడింది. ఆమె దాని మీద ఎడమ పాదం వేసి, ఆగేదాకా ఉంచింది.