తురాయి మొదట్లో బొగ్గులు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలిపోయిన మరుసటి ఎండాకాలం నన్ను ఎల్బీనగర్ వైపు, మున్సిపల్ తోటల విభాగంలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. నేను మాలిగా చేరినదాన్ని. అక్షరాలు పిల్లల పెళ్లిళ్లయ్యాక రాత్రిబడిలో దిద్దుకున్నాను.

ఇంటి ఆవరణలో ఉన్నా సరే, చెట్టును సొంతదారు తనంతట తాను కొట్టకూడదు. దరఖాస్తు పెట్టాలి. మాలాంటివాళ్లం పోయి చూసి రిపోర్టు రాస్తాం. దాన్నిబట్టి పైవాళ్లు చెట్టు తీయడానికి అనుమతిస్తారు, లేదా కొమ్మలు కొడితే చాలంటారు. ‘ప్రమాదకరం’ అని వచ్చే దరఖాస్తుల్లో చాలావాటి వెనక ఉండేది కారుకు జాగా. అందుకని నేనెవరినీ ఊరికే నమ్మేదాన్ని కాదు.

వనస్థలిపురంలో సుబ్బలక్ష్మి గారని గుంటూరు వైపు ఆవిడ, రిటైరైన టీచరు. గేటు పక్కన తురాయి చెట్టు తీసేయాలని దరఖాస్తు పెట్టింది. దాని నీడలో, గేటు లోపలే, నల్లగొండ నుంచి వచ్చిన యాదగిరి ఇస్త్రీ బండి ఉండేది. ఆ జాగాకు ఆవిడ కిరాయి తీసుకునేది కాదు. నేను పోగానే యాదగిరి ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి వచ్చాడు.

“అక్కా, నువ్వు రాస్తే నా బతుకు ఎండల పడ్తది. మంచిగున్న చెట్టు. ఆకులు ఊడ్వ చాతగాక మేడం పెట్టింది గీ దరఖాస్తు.”

“నువ్వెప్పుడైనా చీపురు పట్టావటయ్యా?” అంది ఆవిడ వరండాలోంచి. “గాలొస్తే అది ముందు పడేది నీ నెత్తి మీదే. చెబితే వినవు.”

“జర ఆగుండ్రి ఇద్దరు. నన్ను చెట్టును చూడనియ్యుండ్రి,” అన్నాను.

చెట్టు నిండా పూలున్నాయి. మొదలు పుచ్చినా తురాయి పూస్తుంది కాబట్టి మా పనిలో పూలను లెక్కలోకి తీసుకోం. గొడ్డలి వెనక్కి తిప్పి మాను చుట్టూ కొట్టి చూస్తాం. గట్టి మాను గట్టిగా పలుకుతుంది, లోపల బోలైతే డప్పులా మోగుతుంది. గోడ వైపు డప్పు మోగింది. అక్కడ మొదట్లో బూడిద కుప్ప. దాన్ని లాగి చూస్తే బెరడు లేదు, నల్లగా కాలిన తొర్ర ఉంది. గునపం అడ్డు లేకుండా దిగింది.

“గీ బూడిద ఎవలు పోసిండ్రు?”

“నేనే అక్కా. పెట్టెల బొగ్గులు. బూడిద ఎరువంటరు గదా, చెట్టుకు మంచిదని రోజు పోస్తున్న.”

“సల్లారినంక పోస్తవా?”

అతను వంగి తొర్రలోకి చూశాడు. బండి చక్రానికి ఆనుకొని కూలబడ్డాడు. చెట్టును బతికించుకుంటున్నాననుకొని రోజూ నిప్పు పెట్టాడు మరి. ఆవిడ అతణ్ని అప్పుడే బయటికి పంపుతుందనుకున్నాను. ఇంతకన్నా చిన్న తప్పులకు వెళ్లగొట్టినవాళ్లను చూశాను.

ఆవిడ దిగివచ్చి తొర్ర చూసింది. “నేనూ రోజూ చూస్తూనే ఉన్నానుగా. ఎరువే కదా అని ఊరుకున్నాను. రాస్తే మా ఇద్దరి మీదా రాయండి,” అంది. తర్వాత అతని వైపు తిరిగి, “లేవయ్యా. రేపటి నుంచి బండి వరండాలో పెట్టుకో. బొగ్గులు మాత్రం ఇనప బకెట్లో పోయి,” అంది.

రిపోర్టు ఎప్పటిలాగే నేను చెప్పి గుమాస్తాతో రాయించబోతే మా ఆఫీసరు మేడం ఒప్పుకోలేదు. “చూసినామెవు నువ్వు. నువ్వే రాయి,” అంది. వంకర అక్షరాలతో, కారణంతో సహా రాశాను. నేను సొంతంగా రాసిన మొదటి రిపోర్టు అదే. ఆమె ఒక్క అక్షరం దిద్దకుండా పైకి పంపింది. బదులు మొక్క నాటాలన్న షరతుతో అనుమతి వచ్చింది. మావాళ్లు తాళ్లు కట్టి, పైకొమ్మ నుంచి ఒక్కొక్కటే దించారు. ఆ జాగాలో కానుగ మొక్కను యాదగిరే నాటాడు.

తప్పులో తనకూ పాలుందన్న సుబ్బలక్ష్మి గారిని, నాతోనే రాయించిన మా ఆఫీసరు మేడాన్ని నేను మరువలేదు. చెట్టు కొట్టమనేవాళ్లను అనుమానించడం నాకు ముందే తెలుసు. కొట్టొద్దనేవాళ్ల మాట కూడా తేల్చుకోవాలని ఆ తురాయి దగ్గర తెలిసింది. కొలువు దిగేదాకా ఎవరింటికి పోయినా, రెండు మాటలూ విని, ముందు మొదలు తవ్వి చూసేదాన్ని.