కంప్యూటర్లకు రిటైర్మెంట్ ఇవ్వని స్టీవ్

రోడ్డు పక్కన పారేసిన కంప్యూటర్ కనిపిస్తే స్టీవ్ కాళ్లు ముందుకు కదలవు. పరీక్షకు ఆలస్యమవుతున్నా సరే, వాన దంచి కొడుతున్నా సరే, గడ్డిలోకి దిగి దాని పక్కన గొంతుకూర్చుని, రోగి నాడి చూసే డాక్టరులా మూత మీద చెయ్యి వేసి, "ఇందులో ఇంకా ప్రాణం ఉందిరా" అంటాడు. ప్రాణం లేదని అతను తేల్చిన కంప్యూటర్ ఆస్ట్రేలియా ఖండంలో ఇంతవరకూ దొరకలేదు.

పేరు చూసి తెల్లవాడనుకోకండి. స్టీవ్‌ది నర్సాపురం. చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చి, కేరమ్ డౌన్స్‌లో ఒక చిన్న అద్దె ఇంట్లో నిజామాబాద్ కుర్రాడు బాసిత్‌తో కలిసి ఉండేవాడు. అది విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ నీళ్లు వదిలేసిన సంవత్సరం. హార్డ్ రబ్బిష్ వారం రాగానే జనం పాత సోఫాలతో, పరుపులతో పాటు పాత కంప్యూటర్లను కూడా ఇంటి ముందు గడ్డి మీద పెట్టేవాళ్లు. కౌన్సిల్ లారీ వచ్చి వాటిని ఎత్తుకుపోవాలి. పాపం, ఆ లారీకి మా స్టీవ్ తిరిగిన వీధుల్లో సోఫాలే మిగిలేవి.

బాసిత్ ఇంకా కారు కొనకముందు, ఒకసారి ఇలాగే దొరికిన సీపీయూని చంకనెత్తుకుని బస్సెక్కాడు. దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను ఇవతల కూర్చున్నాడు. డ్రైవరు అద్దంలో చూసి, "మేట్, నీ ఫ్రెండ్‌కి టికెట్ ఏదీ?" అని అరిచాడు.

"పెన్షనర్ మేట్! కన్సెషన్ ఉంది!" అన్నాడు స్టీవ్ తడుముకోకుండా.

బస్సంతా నవ్వింది. బాసిత్ మాత్రం మెల్లగా వెనక సీటుకి జారుకుని, ఈ మనిషెవరో తనకు తెలియనట్టు బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి తెచ్చాక ముందు స్నానం. పాత టూత్‌బ్రష్‌తో దుమ్మంతా దులిపేవాడు. తర్వాత డిస్కులో ఏముందో తెరిచి చూడకుండా మొత్తం తుడిచేసేవాడు. "పరాయివాళ్ల పెళ్లి ఫొటోలు మనకెందుకురా, తప్పు" అనేవాడు. ఆ తర్వాత ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, దానికి ఏ ఉద్యోగం సరిపోతుందా అని గడ్డం గోక్కునేవాడు. అన్నిటికన్నా నీరసంగా ఉన్నదానికి వంటింట్లో ఉద్యోగమొచ్చింది.

"ఇదేందిర భయ్, కంప్యూటర్ మీద గిన్నె?" అని అడిగాడు బాసిత్ ఒక సాయంత్రం.

"ఈ చలికి దోసెల పిండి పులవట్లేదు కదరా. వెనకాల చెయ్యి పెట్టి చూడు, వేడి గాలి ఎలా కొడతందో."

"మరి స్క్రీన్ మీద గా అంకెలేంది?"

"పని లేకపోతే చల్లారిపోద్ది. అందుకే ప్రధాన సంఖ్యలు వెతకమన్నాను. అది ఎంత గట్టిగా వెతికితే పిండి అంత బాగా పులుస్తాది."

ఆ కంప్యూటర్ ఏ సంఖ్య దాకా వెళ్లిందో తెలియదు గానీ, తెల్లారేసరికి పిండి పొంగి, పక్కలమ్మట కారి, సీడీ పెట్టే అరలోకి దిగింది. మీట నొక్కితే ఆ అర కాస్తా ఊతప్పమంత పిండితో బయటికొచ్చింది. దోసెలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి, బాసిత్ తిట్టుకుంటూనే కడుపునిండా తిన్నాడు.

అయితే బాసిత్‌కి అంతుపట్టని సంగతి ఒకటుంది. ఇంట్లోకి కంప్యూటర్లు వస్తూనే ఉన్నాయి, ఇల్లు మాత్రం నిండడం లేదు. అవన్నీ ఏమైపోతున్నాయంటే, "పోస్టింగ్ వచ్చిందిరా, వెళ్లి జాయినైపోయింది" అనేవాడు స్టీవ్. అంతకన్నా వింత, చుట్టుపక్కల మనవాళ్లు బాసిత్‌ని చూసే చూపు మారిపోయింది.

మసీదులో మహబూబ్ పాషా అంకుల్ షేక్‌హ్యాండ్ ఇచ్చి, చెయ్యి వదలకుండా, "బేటా, గుస్సా తగ్గించుకో. మనిషికి సబర్ ఉండాలె" అని బుద్ధి చెప్పాడు. బాసిత్ చీమకి కూడా దారిచ్చే రకం. ఆ గుస్సా ఎప్పుడొచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

తర్వాత సూపర్‌మార్కెట్లో అమృతం ఆంటీ ఎదురైంది. స్టీవ్ వెళ్లే చర్చిలో పాటలు పాడే మనిషి. కొత్తిమీర కట్టల దగ్గర బాసిత్‌ని ఆపేసింది.

"బాసిత్ అంటే నువ్వేనా?"

"అవునాంటీ."

"చూట్టానికి బుద్ధిమంతుడిలాగే ఉన్నావు. నోరులేని వాటి మీద ఎందుకయ్యా అంత పగ నీకు?"

బాసిత్ తన చేతిలోని కట్ట వంక కంగారుగా చూసుకున్నాడు. "కొత్తిమీరనే గదాంటీ..." అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఆడించి, ఇక ఇతన్ని దేవుడే మార్చాలన్నట్టు నిట్టూర్చి వెళ్లిపోయింది.

ఇవన్నీ సర్దుకునేవాడే. తబస్సుం దగ్గరికొచ్చేసరికి ప్రాణం మీదికొచ్చింది. గుంటూరమ్మాయి, యూనివర్సిటీలో అతని ప్రాజెక్టు గ్రూపే. ఆమెను టీకి పిలవాలని సెమిస్టర్ మొదలైనప్పటి నుంచీ మాటలు కూడబలుక్కుంటున్నాడు. ఇక్కడివాళ్లందరిలా మధ్యాహ్నాన్ని ఆర్వో అనడం కూడా ఆ ఒక్క వాక్యం కోసమే నేర్చుకున్నాడు. చివరికి ధైర్యం చేసి, "ఇయ్యాల ఆర్వోల ఖాళీగున్నవా? టీ తాగుదామా?" అని అడిగాడు.

"కంప్యూటర్లని కాళ్లతో తన్నే వాళ్లతో నేను టీ తాగను" అంది తబస్సుం. బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది.

బాసిత్ ఇంటికి వచ్చి స్టీవ్ కాలర్ పట్టుకున్నాడు. "ఏం చెప్పినవ్‌రా నా గురించి ఊరంత?"

"నేనా? నీ గురించి చెడ్డగా చెప్తానా?" అన్నాడు స్టీవ్ పసిపిల్లాడి ముఖం పెట్టి. "ముందు కారు తియ్యరా. అర్జెంటు పోస్టింగ్ ఒకటుంది."

ఆ పోస్టింగ్ అమృతం ఆంటీ ఇంటికే. స్టీవ్ సీపీయూ, మానిటరూ దింపుకుంటూ, "నువ్వు కారులోనే కూర్చో. కుదిరితే కొంచెం కోపంగా కూర్చో" అని చెప్పి లోపలికి వెళ్లాడు. కీబోర్డు మాత్రం వెనక సీట్లోనే మర్చిపోయాడు. అది ఇద్దామని వెళ్లిన బాసిత్‌కి గుమ్మం బయటే స్టీవ్ గొంతు వినపడింది.

"ఈ ఒక్కటీ మీ ఇంట్లో దాచండి ఆంటీ. ఆ బాసిత్‌గాడు చూస్తే తన్ని బయట పడేస్తాడండి. నిన్న ఒకదాన్ని అలాగే పడేశాడు, కళ్లారా చూశాను."

"అయ్యో, ఏం మనిషమ్మా! సరేలే, ఆ మూల పెట్టు."

"ఊరికే మూల పెడితే పాడైపోద్దండి. రోజూ ఆన్ చేసి, ఏదో ఒకటి టైపు చేస్తా ఉండాలి. నా కోసం కాస్త ఆ శ్రమ పడాలండి మీరు."

"మాకేం అవసరం లేదు గానీ, నువ్వింతగా అడుగుతున్నావు కాబట్టి చేస్తాలే. ఉండు, కాఫీ తాగి వెళ్లు."

బాసిత్ చప్పుడు చేయకుండా కీబోర్డు గుమ్మం దగ్గర పెట్టేసి కారులోకొచ్చి కూర్చున్నాడు. స్టీవ్ కాఫీ మీసంతో తిరిగొచ్చాక, "అబద్ధాలెందుకురా?" అని అడిగాడు.

స్టీవ్ మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు. "ఆవిడ ముసలోళ్లని చూసుకునే ఏజ్డ్ కేర్ కోర్సు చేస్తందిరా. డ్యూటీ దిగి, టైపు చేసుకోడానికి లైబ్రరీకి పోతాది. కూర్చునేలోపే మూసేస్తారు. ఊరికే ఇద్దామని పోతే, 'అంత గతిలేకుండా ఉన్నామా' అని తలుపేసేసింది. అదే నేను ఇబ్బందుల్లో ఉన్నానంటే వెంటనే చోటు చూపించింది. మనోళ్లు సాయం పుచ్చుకోరురా, చెయ్యమంటే మాత్రం ప్రాణమిస్తారు."

"మరి గా రాక్షసుడు నేనే దొరికిన్నా?"

"ఇంట్లో ఉన్నది మనిద్దరమే కదరా. నేను రాక్షసుణ్ణయితే పోస్టింగులెవడు వేస్తాడు?"

బాసిత్‌కి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ఎక్కువగా, ఈ వెధవ ముద్దొచ్చాడు. అయినా తబస్సుంకి మాత్రం నిజం చెప్పి తీరాలనుకున్నాడు. ఊరంతా ఏమైనా అనుకోనీ, ఆ అమ్మాయి అనుకుంటే ఎలా?

మర్నాడు యూని లైబ్రరీలో ఆమె కనిపించింది. ఎదురుగా మూత మీద చిలక స్టిక్కరున్న లాప్‌టాప్. ఆ మధ్య ఇంటి హాల్లో బాసిత్ కాలికి అడ్డం తగిలి అతన్ని బోర్లా పడేసిన లాప్‌టాపే అది. అప్పుడు వెలిగింది అతనికి. తన సొంతది పాడైనప్పటి నుంచి తబస్సుం ల్యాబులో వంతు కోసం కాచుకుని ప్రాజెక్టు చేసుకునేది. ఎందుకని ఒక్కసారైనా అడగలేదు తను. సిగ్గేసింది.

"అలా చూడకు. ఇది స్టీవ్‌ది. నీ బారిన పడకుండా కాపాడుతున్నానంతే" అంది తబస్సుం, లాప్‌టాప్‌ని చేత్తో అడ్డుకుంటూ.

నిజం అతని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే తన పేరు నిలబడుతుంది. మరుక్షణం ఆమె మూత వేసి ఆ లాప్‌టాప్ అతని చేతిలో పెట్టేస్తుంది, మళ్లీ ల్యాబు ముందు నిలబడుతుంది. బాసిత్ కళ్లెర్రజేయడానికి ప్రయత్నించాడు గానీ, అవి చెమ్మగిల్లాయి.

"ఔ. నీ దగ్గర్నే ఉంచు. మా ఇంటికి తెస్తే... తెస్తే తంత. గట్టిగ తంత!"

తబస్సుం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీకు నటన అస్సలు రాదు బాసిత్."

"అంటే?"

"స్టీవ్ చెప్పిన మొదటి రోజే తెలుసు. లిఫ్టు తలుపుకి తగిలితే దానికి సారీ చెప్పేవాడివి నువ్వు. కంప్యూటర్‌ని తంతావా?"

"మరి టీ వద్దన్నవ్?"

ఆమె చిలక స్టిక్కరు మీద వేలితో గీస్తూ కూర్చుంది. "ఇది నాకు చాలా అవసరం. తీసుకోవడానికి ఒక సాకు కావాల్సొచ్చింది. రాక్షసుడితో టీ తాగితే సాకు పోతుంది కదా" అంది. తర్వాత తలెత్తి, "రాక్షసుడు మెషీన్ కాఫీ అయితే తాగుతాడేమో, ఎవరూ చూడకుండా మెట్ల వెనక" అంది.

మెట్ల వెనక మెషీన్ కాఫీ అంత కమ్మగా ఉంటుందని బాసిత్‌కి ఆ రోజే తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి స్టీవ్ గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. "నిజం చెప్పేశావేంట్రా?"

"లే. కానీ నువ్వు నన్ను కార్ల కూసోబెడితే ఏం లాభం? నన్ను సూడనోళ్లు ఎట్ల భయపడ్తరు? రేపటి సంది నేను గుమ్మం దాంక వస్త."

ఆ ఆదివారం డార్విన్ నగరం నుంచి కొత్తగా దిగిన ఒక కుటుంబం ఇంటి ముందు బాసిత్ ఎంత బాగా అరిచాడంటే, వాళ్లు గబగబా తలుపు తీసి, ఒకటి దాచమంటే రెండు కంప్యూటర్లు లోపలికి లాక్కున్నారు.