ముద్రక్క రాఫ్టింగ్ ప్లాను

మా కార్ఖానాలో లైఫ్ జాకెట్లు కుడతాం. మునిగేవాళ్లను తేల్చే జాకెట్లు కుట్టే మాలో ఈత వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. కుట్టినవాటిని పరీక్షించి ముద్ర వేసే పని మా అక్కది. అందుకే కార్ఖానా అంతటికీ ఆవిడ ముద్రక్క. బెల్టు పట్టుకుని గట్టిగా లాగాలి, ఊడకపోతే ముద్ర గుద్దాలి. ఈ లాగే అలవాటు ఎంత ముదిరిందంటే, బావ చొక్కా తొడుక్కుంటే బొత్తాలు కూడా లాగి చూసేది. పాపం ఆయన చొక్కాలకు బొత్తాలు నిలిచేవి కావు.

ఈ ఏడాది ఆర్డర్లు బాగా వచ్చాయని ఓనరుకు ఎక్కడలేని ఉదారత పుట్టుకొచ్చింది. మమ్మల్నందరినీ కొండల్లో ఉన్న నదికి తీసుకెళ్లి రాఫ్టింగ్ చేయిస్తానన్నాడు. రబ్బరు పడవెక్కి, తెడ్లు పట్టుకుని, బండరాళ్ల మధ్య నురగలు కక్కే నీళ్లలో పడి కొట్టుకుపోవడాన్ని జనం సరదా కోసం చేస్తారట.

ఆ రోజు నుంచి భోజనాల వేళ ఇదే గోల. ప్లానంతా అక్కదే. కత్తిరింపుల బల్ల మీద గుడ్డముక్కను పడవలా పరిచి, దారపు ఉండలను మనుషుల్లా కూర్చోబెట్టింది. ఒళ్లున్నవాళ్లు వెనక, నోరున్నవాళ్లు ముందు. "మీ అరుపులకే రాళ్లు పక్కకు తప్పుకుంటాయి" అంది. బకిల్స్ కుట్టే ఆవిడను అందరం వదిన అంటాం. ముందు సీటు తనకే కావాలని ఆవిడ, జిప్పులు కుట్టే పిన్నితో మాటలు కూడా మానేసింది.

అంతా సజావుగా సాగుతుండగా ఓనరు వచ్చి, "జాకెట్ల కోసం వెతుక్కోనక్కర్లేదమ్మా! మన కొత్త సరుకే తలా ఒకటి వేసుకుందాం" అన్నాడు. మేం పొంగిపోతామనుకున్నాడు కాబోలు.

ఆయన అటు వెళ్లగానే వదినకు మోకాలి నొప్పి పట్టుకుంది. పిన్నికి సరిగ్గా ఆ రోజే చుట్టాలు వస్తున్నారని గుర్తొచ్చింది. "వేరే కంపెనీవి అద్దెకు తీసుకుంటే పోలా?" అంది ఇంకొకావిడ గొంతు తగ్గించి. మొగుడితో గొడవపడి వచ్చిన రోజు తన కుట్టు ఎన్ని వంకర్లు పోతుందో ఎవరికి వాళ్లకు తెలుసు. ఆర్డరు తరుముకొచ్చినప్పుడు అక్క కట్టలో పైదాన్ని మాత్రం లాగి, మిగతావాటికి చకచకా ముద్ర గుద్దేస్తుందనీ తెలుసు. తెలియనట్టు ఉండటం మా అందరికీ బాగా అలవాటైన పని.

అక్క మొహం జేవురించింది. "అంటే నా ముద్రకు విలువ లేదా?"

"నువ్వు వేసుకుని నీళ్లలో దూకు అక్కా, తేలిపోతుంది" అన్నాను. తోడబుట్టినదాన్ని కాబట్టి ఆ మాట అనగలిగింది నేనొక్కదాన్నే.

"దూకుతానే! నాకేం భయం?" అంది.

ఆదివారం అందరం ఈతకొలను దగ్గర చేరాం. కార్ఖానా నుంచి తెచ్చిన కట్ట మధ్యలోంచి ఒక జాకెట్టు లాగి నేనే తొడిగాను. అక్క కళ్లు గట్టిగా మూసుకుని దూకింది. ఒక్కసారి మునిగి బుడుంగున పైకి తేలింది. చప్పట్లే చప్పట్లు! వదిన మోకాలి నొప్పి ఎటు పోయిందో పోయింది, పిన్ని చుట్టాల ప్రయాణం వాయిదా పడింది. కొలను గట్టు మీదే మళ్లీ ముందు సీటు కోసం కీచులాట మొదలైంది.

అక్క మాత్రం నవ్వలేదు. "తేలావుగా అక్కా, ఇంకేంటి?" అన్నాను తువ్వాలు కప్పుతూ.

"తేలాను. నీళ్లలో ఉన్నంతసేపూ నేను లాగకుండా వదిలేసిన బెల్టులే కళ్లముందు ఆడాయే" అంది.

మర్నాడు లారీకి ఎక్కించాల్సిన కట్టలన్నీ విప్పి కూర్చుంది. ఒక్కొక్క బెల్టూ లాగింది. కొన్ని ఊడి చేతికే వచ్చాయి. అందులో వదిన కుట్టినవీ ఉన్నాయి, నేను కుట్టినవీ ఉన్నాయి. సరుకు ఆలస్యమైంది. ఓనరు అరిచి అరిచి, చివరికి నదీ లేదు గిదీ లేదు, అందరూ మిషన్ల దగ్గర కూర్చోండన్నాడు. మొన్న చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు మెటికలు విరిచాయి. "తేలింది కదా, ఇంకా ఈ చాదస్తం ఎందుకు?" అని వదిన వినపడేలాగే అంది.

భోజనానికి అక్క పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను బాక్సు పట్టుకెళ్లి కూర్చున్నాను.

"ట్రిప్పు పోయిందని నీకూ కోపమేనా?"

"కొంచెం. పోనీలే అక్కా, మనం బతికి బయటపడ్డాం."

అక్క తినడం ఆపింది. "మనకైతే సాకులు దొరికాయే. ఇన్నాళ్లూ నేను పంపినవాటిని నా ముద్ర చూసి నమ్మి వేసుకున్నవాళ్లు ఉంటారు కదా, వాళ్లకెవరు చెప్పాలి?"

అక్క బాక్సు మూసేసి, బెల్లు కొట్టకముందే లేచి ఓనరు గదిలోకి వెళ్లింది.