ఎల్లారెడ్డి అంగడిలో మీసాల దయ్యం

ఆ రోజుల్లో భయం కూడా ఎడ్లబండెక్కి ఊరూరా తిరగాల్సి వచ్చేది. డేరాలో మాట్లాడే బొమ్మలు, అంటే టాకీ సినిమాలు, ఆడించే మా సేటుకు బొంబాయిలో తీసిన దయ్యం సినిమా ఒకటి దొరికింది. రీళ్ళ పెట్టెలు కామారెడ్డి స్టేషన్లో దిగాయి. అంతకుముందు రామారెడ్డిలో ఆడించిన భక్తి సినిమాకు జనం కంటే మేకలే ఎక్కువ వచ్చాయి కాబట్టి, సేటు ఖరాఖండిగా చెప్పేశాడు: "ఎల్లారెడ్డిల డేరా నిండకపోతే కంపెనీ బంద్. నువ్వు మీ బాపు దగ్గరికి పోయి నాగలి పట్టుకో." బాపుతో కొట్లాడి ఇల్లు విడిచి వచ్చినవాణ్ని, నాగలి కంటే దయ్యమే నయమనిపించింది.

అంగడి రోజున తెల్లచీర కట్టి, మొహానికి బియ్యప్పిండి పూసి, నల్లరంగు వేసిన జనపనార జుట్టు తగిలించి నన్ను బండి మీద నిలబెట్టారు. (మీసం మాత్రం తీయనన్నాను. అప్పుడప్పుడే మొలిచింది మరి.) పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. "దయ్యం తింటుంటే ఎవలన్న చూస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు సేటు. రేకు బూర నోటి దగ్గర పెట్టుకొని, "గుండె గట్టిగున్నోళ్ళే రాండ్రి! గీ బొమ్మను నిజం వల్లకాట్లనే తీసిండ్రు!" అని అరిచాడు. నేను చేతులు చాచి ఒక్క కేక పెట్టాను. అంతే, బీర్కూరు నుంచి వచ్చిన మిరపకాయల బండితో సహా అంగడి ఖాళీ! సేటు మొహం నా పిండి మొహం కంటే తెల్లబడింది. "అరే, గింత భయపెడితే డేరల కూసునేదెవలురా?"

మిగిలింది ఉల్లిగడ్డల కుప్ప ముందున్న ఒక అవ్వ.

"నువ్వు ఉరకవా అవ్వా?" అన్నాడు సేటు.

"యాడికురుకుత కొడుకా, మోకాళ్ళు నడువనియ్యయి" అని, నా వైపు కళ్ళు చికిలించి చూసింది. "గీ దయ్యానికి మీసాలున్నయేందిరా? ఎవల పిలగాడివి? పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లేదవ్వా" అన్నాను, ఉద్యోగం గుర్తొచ్చేలోపే.

మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లికారం చేతిలో పెట్టింది. బండి అంచున కూర్చుని తింటుంటే, ఇండ్ల సందుల్లోంచి తలలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "అరే, దయ్యం రొట్టె తింటున్నది!" అని ఒకడు అన్నాడు. కాసేపటికి నా చుట్టూ పెద్ద జాతర.

ఆ సాయంత్రం డేరా కిక్కిరిసింది. తెర మీద తెల్లచీర పిల్ల బావిలోంచి లేచి చేతులు చాచగానే, "ఓ అవ్వా, దీనికింత రొట్టె పెట్టు!" అని వెనకనుంచి కేక వినబడింది. జనం పడీపడీ నవ్వారు. భయపడాల్సిన చోట నవ్వారని సేటుకు దిగులు, నిండిన డేరా చూసి సంతోషం. ఏ మొహం పెట్టాలో తెలియక పాపం కాసేపు రెండూ పెట్టాడు.

నవ్వనిది అవ్వ ఒక్కతే. ఆట అయిపోయాక నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల నిజంగ బాయిల పడి సచ్చిందా, బిడ్డా?"

"లేదవ్వా, ఉత్తగ యాక్టింగు. బొంబాయిల మంచిగనే ఉన్నది."

"మంచిగున్నదా? సల్లగుండనీ" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బొంబాయి ఎటువైపు ఉందో కూడా నాకు తెలియదు. అయినా ఎంత ధీమాగా చెప్పానో! ఊరిని హడలగొట్టడానికి వెళ్ళి, ఒక ముసలమ్మకు దయ్యం క్షేమసమాచారం చెప్పి వచ్చిన ఆ బక్కపలచటి కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే, ఇంత నవ్వి, పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.